ఆవగింజంత నల్లమందు

పోయిన ఆదివారం మా అమ్మాయి ప్రొద్దుటూరు నుంచి వస్తూ సంచిలో ఒక క్యాసెట్టు తెచ్చింది. మా అల్లుడి స్నేహితుడొకాయనకు పాత గ్రామఫోను ప్లేట్ల పిచ్చి. ఆ ప్లేట్ల గుట్టలో మా ఆయన పాట ఒకటి దొరికితే క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చాడట. నేను అప్పుడు కందిపప్పులో రాళ్లు ఏరుతున్నాను. ఈ మధ్య పప్పులో రాళ్లు తగ్గాయి, ఉన్నవి నా కంటికి కనబడడం ఇంకా తగ్గింది, కాబట్టి ఆ పని మర్యాద కోసం చేస్తున్నానంతే. అమ్మాయి మీట నొక్కింది. ముందు పెనం మీద నూనె చిటపటలాడినట్టు చప్పుడు, తర్వాత తంబూర, ఆ తర్వాత ఆయన. "పెన్నలోనా చెలిమె తీస్తి, నీళ్లు ఊరేదాకా కూచుంటి" అని ఎత్తుకుని, ఆ "ఊరే" దగ్గర గొంతును పట్టి లాగాడు. ఎండాకాలం పెన్న ఎండిపోతే మా ఆడవాళ్లం ఇసుకలో గుంట తవ్వి, నీళ్లు ఊరేదాకా పక్కన కూర్చుని, చిప్పతో తోడుకుని కడవ నింపుకునేవాళ్లం. ఆ గుంటే చెలిమె. ఆ కూర్చోవడమే ఆ పాట.

మా అమ్మాయికి వాళ్ల నాన్న ముఖం గుర్తులేదు. కళ్లు తుడుచుకుంటూ, "ఎంత సల్లని గొంతుమా మా నాయనది. ఆ ఊపిరి యాడన్నా తెగిందేమో సూడు" అంది. నేను పప్పులోంచి తల ఎత్తలేదు. తల్లి గుండె రాయి అనుకుని ఉంటుంది. అనుకోనీ. మా నాన్న నన్ను నాలుగో తరగతి దాకా చదివించాడు, మిగతా చదువంతా అంగడి పొట్లాల కాగితాలు చదివి నేర్చుకున్నాను. ఆ చదువుతోనే ఇది రాస్తున్నాను, ఎందుకంటే నోటితో చెబితే మధ్యలో ఆగిపోతానని భయం.

మాది జమ్మలమడుగు దగ్గర నేతగాళ్ల వీధి. ఇంటింటికీ గుంట మగ్గం. తెల్లవారితే వీధి పొడుగునా పడుగు దారాలు చాచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వడం, ఎండ ముదరకముందే చుట్టుకుని ఇంట్లోకి రావడం. మగవాళ్లు మగ్గంలోకి దిగితే ఆడవాళ్లం రాట్నం ముందు నూలు కండెలు చుట్టేవాళ్లం. నేను కాపరానికి వచ్చిన కొత్తలో మా ఆయన నేతకు వీధిలో చెడ్డపేరు, పాటకు మంచిపేరు. పాట రాగం మీదికి పోతే, పడుగు మధ్య ఇటూ అటూ విసరాల్సిన నాడె చేతిలోనే నిలిచిపోయేది. అందరూ ఆరు రోజుల్లో దించే చీరను ఆయన పది రోజులకు దించేవాడు. మా అత్త గోడకానుకుని, "వాడు గొంతుతో నేస్తాండాడు, ఆ గుడ్డ ఎవురు కట్టుకుంటారో" అనేది. అంటూనే ఆయన ఆపితే, ఏం రా ఆపినావు అని అడిగేది.

ఆయన పాడినవి రాజుల పద్యాలు కావు. బండి తోలేవాళ్ల పాటలు, బావి దగ్గర ఎద్దులతో కపిల తోలేవాళ్ల పాటలు, తిరగలి దగ్గర ఆడవాళ్ల పాటలు. అందరికీ తెలిసిన పాటనే ఆయన పాడితే ఎప్పుడూ విననట్టు ఉండేది. ఒక ఏడు గండి తిరునాలలో మిట్టమధ్యాహ్నం, జనం నీడలు వెతుక్కునే వేళ, ఊరికే చింతచెట్టు కింద నిలబడి పాడాడు. తిరునాలకు వచ్చిన బండ్లవాళ్లు ఆ పాటలను వేంపల్లెకు, నంద్యాలకు, ఆదోని పత్తి సంతకు మోసుకుపోయారు. ఏడాది తిరిగేసరికి మద్రాసు నుంచి ప్లేట్ల కంపెనీ మనిషి బూట్లతో మా వీధిలోకి వచ్చి, ఆరబెట్టిన పడుగును తొక్కి, మా అత్త చేత తిట్లు తిని, మా ఆయనను పిలుచుకుపోయాడు. రెండు ప్లేట్లు వచ్చాయి. అర్ధగంట పాటను మూడు నిమిషాలకు కత్తిరించడం ఆయనకు చేతకాలేదనీ, పళ్లెం ఆగి ఎర్రదీపం ఆరినాక కూడా పాడుతూనే ఉన్నాడనీ తర్వాత నవ్వుతూ చెప్పేవాడు. ఆ ప్లేట్లు కాఫీ హోటళ్లలో మోగాయి. హోటలు ముందు పాలెగాడి పెండ్లికి మూగినట్టు జనం మూగేవారు. కర్నూలు నుంచి, ఎమ్మిగనూరు నుంచి ఆయన కోసం గూడుబండ్లు వచ్చేవి. నేతగాడి ఇంటిముందు గూడుబండి నిలబడడం మా వీధి అంతకుముందు చూడలేదు. నాకూ గర్వంగానే ఉండేది, ఎందుకు అబద్ధం చెప్పాలి.

ఆ రోజుల్లో పదివేలమంది తిరునాలలో పాడాలంటే గొంతే ఆధారం. దుమ్ము, ఎండ, మూడుగంటల పాట. కర్నూలు వైపు ఒక పెద్దరైతు ఇంట్లో పాడిన రోజు గొంతు బిగుసుకుపోతే, ఆ రైతు తమలపాకులో మిరియపు గింజంత నల్లమందు ఉండ పెట్టి నోట్లో వేశాడట. నొప్పి పోయింది, దగ్గు పోయింది, భయం పోయింది, పాట మాత్రం నిలిచింది. ఆయన ఇంటికి వచ్చి ఈ సంగతి నాకు వింతగా చెప్పాడు. నేనూ వింతగా విన్నాను. ఆరునెలలకు మిరియం శనగగింజ అయింది. ఏడాదికి ఒకటి కాస్తా రెండు. తిండి తగ్గింది. ఎప్పుడు చూసినా ఒళ్లు గోక్కునేవాడు, కంటిపాప సూదిమొన అంత అయిపోయేది, మాట మధ్యలో కునికేవాడు. ఒకరోజు బీడీ వెలిగించుకుని మగ్గంలో కూర్చున్నవాడు అలాగే ముందుకు వాలాడు. కాలిన వాసన వస్తే పరుగెత్తాను. పడుగులో నా జానెడు వెడల్పున పోగులు కాలిపోయి ఉన్నాయి. ఆయన వేలు కూడా కాలుతోంది, ఆయనకు తెలియడం లేదు. నేను ముందు పడుగును ఆర్పాను, తర్వాత వేలును చూశాను. ఆ వరుస నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఈ కథలో మా పాపను గురించి చెప్పాలి, ఇప్పుడు క్యాసెట్టు తెచ్చిన అమ్మాయే. అప్పుడు దానికి ఐదో నెల. మా వీధిలో ఏ ఇంట్లోనైనా ఉయ్యాల తాడు దగ్గర చిన్న ఇత్తడి భరిణె ఒకటి ఉండేది. అందులో నల్లమందు. పొద్దున పడుగు సాగదీసే వేళకు తల్లి ఆవగింజంత తీసి, చనుబాలతో రాచి, బిడ్డ నాలుకకు రాసేది. బిడ్డ మధ్యాహ్నం దాకా నిద్రపోయేది, మగ్గం ఆగేది కాదు. మా అత్త చెప్పింది, నేను పెట్టాను. మా అత్తకు ఆమె అత్త చెప్పింది. దాన్ని ఎవరూ మత్తు అనేవాళ్లు కాదు, "మందు" అనేవాళ్లు. మా ఆయన నల్లమందు గురించి వీధికి వినబడేలా ఏడ్చి, ముక్కు చీది, లోపలికి వచ్చి పాపకు ఆవగింజంత రాచి పెట్టేదాన్ని. ఆ రెండూ ఒకటేనని నాకు తోచలేదు. నా తెలివి అంతమాత్రమే.

వేలు కాలిన వారానికి మా ఆయనే నా ముందు కూర్చుని, "నన్ను లోపలేసి తాళమెయ్యి. అరిసినా తియ్యొద్దు" అన్నాడు. ఆ మాట కోసమే నేను ఏడాదిగా ఎదురుచూస్తున్నాను. వచ్చిన బండ్లను వెనక్కి పంపించాను. ఆయన దగ్గర ఉన్నదంతా తీసి పెంటదిబ్బలో పూడ్చాను. మొదటిరోజు ఆవులింతలు, కళ్లలో ముక్కులో నీళ్లు. రెండోరోజు కడుపులో నొప్పి, బేదులు, ఎండాకాలంలో చలి. ఒళ్లంతా ఈకలు పీకిన కోడి చర్మంలా అయింది. నేను గడపకు ఇవతల కూర్చుని కండెలు చుడుతూనే ఉన్నాను, చెవులు మాత్రం లోపలే పెట్టి. నేను పూడ్చింది పెద్దమందు. రోజూ పొద్దున లోపలికి పోయి పాపకు తీస్తున్నా, భరిణెలోదీ అదేనని నాకు తట్టలేదు. ఉయ్యాల ఆ గదిలోనే ఉంది. రెండోరోజు సాయంత్రం ఆయన ఆ భరిణెను నాకి శుభ్రం చేసి మళ్లీ తాడుకు కట్టేశాడు.

మరుసటి పొద్దున పాపకు మందు లేదు. చూద్దాంలే అనుకున్నాను. మధ్యాహ్నానికి పాప గుక్కపట్టింది. పాలు పట్టదు, వాంతి చేసుకుంటుంది. ఎత్తుకుని గదిలోకి పోయాను, ఆయనకు చూపిద్దామని. ఆయన గోడవారగా ముడుచుకుని ఆవులించాడు. నా భుజం మీద పాప ఆవులించింది. ఆయన కళ్లలో నీళ్లు కారుతున్నాయి, ముక్కు కారుతోంది. పాపకూ అంతే. ఆయన చేతి మీద వెంట్రుకలు నిక్కపొడుచుకున్నాయి. పాప చెయ్యి చూశాను. చర్మం అలాగే ఉంది. మొగుడి రోగం మొగుడిదనీ, బిడ్డ ఏడుపు బిడ్డదనీ అంతదాకా అనుకున్నదాన్ని, ఇద్దరి మధ్య నిలబడి ఇటూ అటూ చూశాను. మా అత్త నా వెనకే వచ్చి నిలబడింది. ఆమె ముసలిదే కానీ నాకంటే ముందు అర్థం చేసుకుంది. "పసిబిడ్డప్పుడు వానికీ నేనే పెట్టినా. మూడేండ్లు పెట్టినా. లేకుంటే యెట్ల నేస్తుంటిమి?" అంది. ఆ రోజు నుంచి నేను ఆమెను ఒక్కమాట అనలేదు. అనడానికి నాకు నోరేది?

మా ఊళ్లో ఒక హకీం సాహెబు ఉండేవాడు. అత్తరు వాసన, తెల్లగడ్డం, ఎవరినీ తిట్టని మనిషి. ఇద్దరినీ చూసి, "ఒక్కసారి కొయ్యొద్దు బేటీ. కొండ ఎట్ల ఎక్కినారో అట్లే దిగాల" అన్నాడు. పాపకు ఆవగింజలో సగం, తర్వాత నువ్వుగింజ మొనంత, తర్వాత రోజు విడిచి రోజు. ఆయనకు శనగగింజ నుంచి వారం వారం తగ్గిస్తూ, ఉండ మాత్రం అదే లావు ఉండేలా చింతపండు గుజ్జు కలపమన్నాడు. ప్రతి పొద్దున చేటమీద రెండు రకాల ఉండలు చేసేదాన్ని. పాపకు నలభై రోజులకు పూర్తిగా మానింది. పగలంతా మేలుకుని, కనబడిన కండెనల్లా నోట్లో పెట్టుకుని, నా పని సగం చెడగొట్టేది. దాని అల్లరిని చూసి నేను ఏడ్చేదాన్ని. ఆయనకు నాలుగు నెలలు పట్టింది. చివరికి ఉండ అంతా చింతపండే. ఆయన దాన్ని నోట్లో వేసుకుని, చప్పరించి, "పప్పులోకి ఉప్పు తక్కువైంది" అన్నాడు. అంటే ఆయనకు ఎప్పుడో తెలుసు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ ఇంట్లో మేము కలిసి నవ్విన నవ్వులు నేను లెక్కపెట్టగలను.

ఆ తర్వాత ఇరవై రోజులు ఆయన ఏ మందూ లేకుండా ఉన్నాడు. మళ్లీ మగ్గంలోకి దిగాడు. చెలిమె పాట అప్పుడే పుట్టింది. నేను పెన్న నుంచి నీళ్లు తెచ్చి కడవ దించుతుంటే, "ఎంతసేపు కూచున్నావు?" అని అడిగాడు. ఊరేదాకా అన్నాను. ఆ మాటతో మొదలుపెట్టాడు. మూడు రోజులు నాడె ఆడిస్తూ కట్టుకున్నాడు. గొంతు మునుపటిది కాదు. బొంగురు, తడి లేదు. ఆ "ఊరే" దగ్గర రాగం లాగితే సగంలో ఊపిరి తెగిపోయేది. తెగితే నాడె ఒకసారి విసిరి, ఆ చప్పుడులో ఊపిరి పీల్చుకుని, తెగినచోటు నుంచి మళ్లీ ఎత్తుకునేవాడు. చెలిమెలో నీళ్లు కూడా అలాగే వస్తాయి, ఒక్కసారిగా రావు. రాట్నం ఆపి విన్నాను. నా జన్మకు ఆ పాట చాలు అనిపించింది.

అప్పుడే కంపెనీ మనిషి మళ్లీ వచ్చాడు, ఈసారి పడుగును తొక్కకుండా పక్కనుంచి నడిచి. కొత్త ప్లేటు కావాలన్నాడు. మా ఆయన పోనన్నాడు, తర్వాత పోతానన్నాడు. నేనూ వస్తానన్నాను, కాపలాకు. పాపను ఎత్తుకుని ముద్దనూరులో రైలెక్కాం. బయలుదేరేముందు మా అత్త ఆ భరిణె నా కొంగున కట్టింది. హకీము ఇచ్చిన మందులో మిగిలిన ఒక్క ఉండ అందులో ఉంది. రైలులో నీళ్లు మారితే బిడ్డకు బేదులవుతాయి, బేదులు కట్టడానికి ఆవగింజంత కావాలి, ఏ నేతగాళ్ల ఇంటి ఆడదైనా అది లేకుండా ప్రయాణం చేయదు. ఇంత జరిగినా ఆమె కట్టింది, నేను కట్టించుకున్నాను. మాకు అది మందే.

మద్రాసులో ఆ గదికి నాలుగువైపులా మందపు గుడ్డలు వేలాడదీశారు. మధ్యాహ్నం, ఫ్యాను లేదు. మైనపు పళ్లెం తిరుగుతుంటే పాడాలి, తప్పితే పళ్లెం చెడిపోతుంది, మైనం గీకి మళ్లీ మొదలు. మొదటిసారి "ఊరే" దగ్గర ఊపిరి తెగింది. రెండోసారీ అక్కడే. ఆ గదిలో నాడె చప్పుడు లేదు, తెగితే దాక్కోవడానికి. మూడోసారి ఎత్తుకునేలోపే దగ్గు. కంపెనీ మనిషి చెడ్డవాడు కాదు. మెల్లగా, పాట చాలా బాగుంది, మీకు బాగాలేకపోతే మా దగ్గర ఇంకొక గాయకుడు ఉన్నాడు, పాట మీదేనని ప్లేటు మీద వేస్తామని చెప్పి బయటికి పోయాడు. మా ఆయన నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. గుడ్డల కేసి చూస్తూ అడిగాడు.

"ఉండాదా?"

లేదు అని ఉండవచ్చు. లేదంటే ఆయన లేచి వచ్చేవాడు. సాయంత్రం రైలెక్కేవాళ్లం. ఆ పాటను ఎవరో పాడేవారు, ఆయన ఇంట్లో నాడె చప్పుడులో పాడుకునేవాడు. ఇవన్నీ నాకు అప్పుడే తెలుసు, తర్వాత తెలిసినవి కావు. కానీ ఆ పాట నా ఇంట్లో, నా కడవ దగ్గర పుట్టింది. ఎవడో దాన్ని పాడితే విననా? ఆయన ముఖం అలా వాడిపోయి ఉంటే చూడనా? గర్వమో ప్రేమో నాకు తెలియదు. ఆ రెంటినీ విడదీసే తెలివి నాకు ఎన్నడూ లేదు.

"ఉండాది" అన్నాను.

కొంగు ముడి నేనే విప్పాను. అరగంట తర్వాత ఆయన లేచి నిలబడి, ఒక్క ఎత్తులో పాడేశాడు. ఆ "ఊరే" అలా సాగుతూ పోతుంటే కంపెనీవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాప నా ఒళ్లో కళ్లు పెద్దవి చేసి వింటోంది. నేను ఖాళీ భరిణెను మళ్లీ కొంగున ముడివేసుకున్నాను.

ఆ ప్లేటు ఆయన పేరును బళ్లారి దాకా తీసుకుపోయింది. బండ్లు మళ్లీ వచ్చాయి. నేను మళ్లీ ఉండల్లో చింతపండు కలిపాను, హకీము మళ్లీ లెక్క చెప్పాడు. పనిచేయలేదు. పాప మానగలిగింది, ఎందుకంటే పాపను పాడమని అడిగినవాళ్లు లేరు. ఆయన ఏ ఊరికి పోయినా తమలపాకులో ఉండ పెట్టి ప్రేమగా నోటికి అందించేవాళ్లు పదిమంది. అది మర్యాద. కాదంటే మొహం మాడ్చుకునేవారు. ఒకసారి బండి ఎక్కబోతూ, "మద్రాసులో నువ్వు లేదన్నా నేనేమనుకునేవాణ్ణి కాదుమే" అన్నాడు. కోపంగా అనలేదు. ఆ మాటను నేను ఇన్నేళ్లూ మోస్తున్నాను. మూడేండ్లు తిరగకముందే నంద్యాల దగ్గర ఒక సత్రంలో పడుకున్నవాడు లేవలేదు. ఇంకా ముప్పైరెండు నిండలేదు.

పగటిపూటే తెచ్చారు. పడుగులు ఆరబెట్టే వీధిలో, ఇంటిముందు పడుకోబెట్టాం. వీధి చివర కాఫీ హోటల్లో అదే సమయానికి ఆయన పాడుతున్నాడు. హోటలువాడికి ఇంకా కబురు అందలేదు. ఎవరో ఆపమని పరుగెత్తబోతే మా అత్త చెయ్యి అడ్డం పెట్టి, "పాడనీ అప్పా, వాని ఊపిరి ఆడైనా ఉండాది" అంది. పాట అయ్యేదాకా ఎవరూ ఏడవలేదు. అది అయ్యాక ఆమె లోపలికి పోయి, భరిణెను రోట్లో వేసి రోకలితో దంచింది. ఇత్తడి కదా, నలగదు, వంకరపోయింది. వీధిలో మిగతా ఇళ్లల్లో భరిణెలు ఇంకా చాలా ఏళ్లు ఉన్నాయి. నేను గడపగడపకూ పోయి చెప్పాను. వాళ్లు విని, తల ఊపి, పడుగు దగ్గరికి పోయేవాళ్లు.

మొన్న సాయంత్రం మా అమ్మాయి వెళ్లబోతూ క్యాసెట్టును వెనక్కి తిప్పి మళ్లీ పెట్టింది. చెప్పేద్దామనుకున్నాను. నీకు అంత చల్లగా వినబడుతున్నది మీ నాన్న ఊపిరి కాదే, నేను కొంగు విప్పి ఇచ్చిన ఉండ అని. చెప్పలేకపోయాను. అందుకే ఇది రాసి, పప్పుడబ్బా కింద పెడుతున్నాను, ఎప్పుడైనా అదే తీసుకుంటుంది. ఆయన మగ్గంలో కూర్చుని, తెగినచోట నాడె విసిరి మళ్లీ ఎత్తుకున్న గొంతు ఏ ప్లేటులోనూ లేదు. అది విన్నవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే. నలభై ఏండ్లు దాటినా మద్రాసులో పాడిన పాట కొంచెమైనా అరగలేదు, నా చెవిలో ఉన్నదే ఏడాదికేడాది అరిగిపోతోంది.